పోటీ పరీక్షల ప్రత్యేకం: గ్రాంథికం నుంచి వ్యావహారికానికి – ఉత్తరాంధ్ర పాత్ర

జనం నోట భాష మారుతుంది. వ్యాకరణం దాన్ని అనుసరించక తప్పదు. వాడుక లాటిన్‌లో విభక్తి ప్రత్యయాలు అరిగిపోయి ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్ భాషలు రూపుదిద్దుకున్నాయి. తెలుగులో అలాంటి మార్పును, అంటే గ్రాంథికం (పాత పుస్తక భాష) బదులు వ్యావహారికాన్ని (వాడుక భాష), చదువుల్లోకి తెచ్చే పోరాటానికి శ్రీకాకుళం, విజయనగరం సీమలే ఆయువుపట్టు.

వ్యాకరణంలో మార్పులు
- నామం: పుస్తకంబు → పుస్తకము → పుస్తకం
- వర్తమానం: వచ్చుచున్నాడు → వస్తున్నాడు
- భూతకాలం: చేసెను → చేశాడు, చేసింది. పాత రూపంలో పురుషుడికీ స్త్రీకీ ఒకటే క్రియ. కొత్త రూపంలో తేడా తెలుస్తుంది.

గుర్తుంచుకోవాల్సినవి
- 1858: చిన్నయసూరి 'బాలవ్యాకరణం'. గ్రాంథికానికి ప్రమాణ గ్రంథం.
- గిడుగు రామమూర్తి: 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జననం. విజయనగరంలో గురజాడ సహాధ్యాయి. వాడుక భాష కోసం 1919లో 'తెలుగు' పత్రిక స్థాపన. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. మరణం 1940.
- గురజాడ అప్పారావు: వాడుక భాషలో 'కన్యాశుల్కం'. తొలి ప్రదర్శన 1892, ముద్రణ 1897. వాడుక భాషను సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం.

ఎందుకు ముఖ్యం?
ఇంట్లో 'వస్తున్నాడు' అనే పిల్లవాడు బడిలో 'వచ్చుచున్నాడు' అని రాయాల్సి వస్తే, విషయం కన్నా రూపాలు బట్టీ పట్టడానికే శ్రమ పోతుంది. చదువు అందరికీ అందాలన్నదే గిడుగు వాదం. నేటి పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఆ వాదం గెలిచిందనడానికి సాక్ష్యం.

మాదిరి ప్రశ్న: తెలుగు భాషా దినోత్సవం ఎవరి జయంతి?
జవాబు: గిడుగు రామమూర్తి (ఆగస్టు 29).