భూమిని తవ్వకుండా లోపలికి చూడటం: ఒక ట్రిపుల్ ఇంటిగ్రల్ కథ

మ్యాథ్స్‌లో మల్టిపుల్ ఇంటిగ్రల్స్ యూనిట్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది లిమిట్స్ వేయడం, ఆర్డర్ మార్చడం, జవాబు చుట్టూ బాక్స్ కొట్టడం. నేనూ అంతే. ‘ఘన గోళం మొమెంట్ ఆఫ్ ఇనర్షియాలో 2/5 వస్తుంది’ అని బట్టీ పట్టాను, పరీక్ష రాశాను, మర్చిపోయాను. ఆ 2/5ని పట్టుకునే భూమి కడుపులో ఏముందో అంచనా కట్టొచ్చని తర్వాత తెలిసింది. అప్పుడు కొంచెం సిగ్గేసింది కూడా. అందుకే ఈ వ్యాసం.

ముందు సమస్య చూద్దాం. భూమి వ్యాసార్థం సుమారు 6,371 కిలోమీటర్లు. రష్యాలోని కోలా బోరు ఎంతో లోతుకు వెళ్లిందని చెప్పుకుంటాం, అది 12 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. భూమి మామిడికాయ అయితే ఇంకా తొక్క కూడా దాటలేదన్నమాట. మరి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

ఒక ఆధారం బరువు. 1798లో కావెండిష్ చేసిన ప్రయోగం నుంచి భూమి సగటు సాంద్రత నీటికి దాదాపు 5.5 రెట్లని తేలింది. కానీ మన కాళ్ల కింద దొరికే రాళ్ల సాంద్రత 3 రెట్లు కూడా ఉండదు. అంటే లోపల ఎక్కడో బాగా బరువైనది ఉంది. ఎక్కడ? దీనికి మొత్తం బరువు ఒక్కటే జవాబు చెప్పలేదు. ఇక్కడికే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా వస్తుంది. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని జడత్వ భ్రామకం అంటారు.

దీని అర్థం సింపుల్. వస్తువుని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క ద్రవ్యరాశిని అక్షం నుంచి దాని దూరం వర్గంతో గుణించి, అన్నీ కలపాలి. మన భాషలో చెప్పాలంటే మూడు నెస్టెడ్ ఫర్ లూపులు, లోపల ఒక్క కూడిక. ముక్క సైజుని సున్నా వైపు తీసుకెళ్తే అదే ట్రిపుల్ ఇంటిగ్రల్.

గోళంలో ముక్కకి మూడు అంచులుంటాయి: డీఆర్, ఆర్ డీతీటా, ఆర్ సైన్‌తీటా డీఫై. గుణిస్తే ఆర్ స్క్వేర్ సైన్‌తీటా వస్తుంది. అక్షం నుంచి ముక్క దూరం ఆర్ సైన్‌తీటా. దాని వర్గంతో కూడా గుణిస్తే మొత్తం ఆర్ పవర్ 4, సైన్‌క్యూబ్ తీటా. సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే మూడు లూపులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కాబట్టి విడివిడిగా చేసి గుణించేయొచ్చు. ఫై నుంచి రెండు ‘పై’లు, తీటా నుంచి 4/3, ఆర్ నుంచి వ్యాసార్థం పవర్ 5 బై 5. వీటి గుణకారంలో 8/15 వస్తుంది. ద్రవ్యరాశి ఫార్ములాలో ఉన్నది 4/3. భాగిస్తే 2/5, అంటే 0.4. మిగిలేది ద్రవ్యరాశి ఇంటూ వ్యాసార్థం వర్గం.

ఇప్పుడు అసలు విషయం. భూమి అంతా ఒకే సాంద్రత అయితే ఈ సంఖ్య 0.4 రావాలి. లోపల డొల్ల అయితే 0.4 కన్నా పెరగాలి, పల్చటి పెంకులాంటి గోళానికైతే 2/3. బరువంతా నడిమధ్యకి చేరితే తగ్గాలి. చంద్రుడూ సూర్యుడూ లాగడం వల్ల భూమి అక్షం బొంగరంలా సుమారు 26,000 ఏళ్లకోసారి చుట్టి వస్తుంది. ఆ వేగాన్నీ, ఉపగ్రహాల కక్ష్యల్లో వచ్చే మార్పుల్నీ కలిపి లెక్కిస్తే భూమికి వచ్చేది 0.33.

తేడా చిన్నదిగా అనిపిస్తుంది కదా? చిన్న మోడల్ చేద్దాం. మధ్యలో సగం వ్యాసార్థం ఉన్న కోర్ పెట్టి, దాని సాంద్రత బయటి పొరకి 3 రెట్లు అనుకుందాం. అంటే మామూలు గోళం మీద అదనంగా రెండు రెట్ల సాంద్రత ఉన్న చిన్న గోళాన్ని కలిపినట్టే. వ్యాసార్థం సగమైతే ద్రవ్యరాశి 1/8 అవుతుంది, భ్రామకం మాత్రం పవర్ 5 వల్ల 1/32 అవుతుంది. కాబట్టి ద్రవ్యరాశి 1 + 2/8 = 1.25 రెట్లు, భ్రామకం 1 + 2/32 = 1.0625 రెట్లు. నిష్పత్తి 0.85. దాన్ని 0.4తో గుణిస్తే 0.34! మూడు లైన్ల లెక్కతో భూమి దగ్గరికి వచ్చేశాం. నేను మొదటిసారి చేసినప్పుడు తప్పు చేశానేమో అని రెండుసార్లు చెక్ చేసుకున్నాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంటిగ్రల్ మొత్తం సమాచారాన్ని ఒక్క సంఖ్యగా కుదించేస్తుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు. హ్యాష్ నుంచి ఫైల్‌ని తిరిగి రాబట్టలేం కదా, అలాగే. చిన్న బరువైన కోర్, కొంచెం పెద్ద తేలికైన కోర్, రెండూ 0.33 ఇవ్వగలవు. అందుకే భూకంప తరంగాలు కూడా కావాల్సి వచ్చాయి. వాటితో 1906లో ఓల్డ్‌హామ్ కోర్ ఉందని చూపించాడు. 1936లో ఇంగే లేమన్ ఆ కోర్ లోపల ఇంకో కోర్ ఉందని కనిపెట్టింది. ఇంటిగ్రల్ పని అన్నీ చెప్పడం కాదు, తప్పు ఊహల్ని కొట్టేయడం. భూమి డొల్ల కాదనీ, అంతటా ఒకేలా లేదనీ మాత్రం గట్టిగా చెప్పేసింది.

మీకొక లెక్క. కోర్ సాంద్రత 3 రెట్లకి బదులు 2 రెట్లు పెట్టి చూడండి. 0.367 రావాలి. అంగారక గ్రహానికి కొలిచినది సుమారు 0.364. పెన్ను తీయండి, ఈసారి మార్కుల కోసం కాదు.