కప్పల కాళ్ళు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిన్నెసోటా రాష్ట్రము సరస్సులకు ప్రసిద్ధి కెక్కినది. 1995వ సంవత్సరము ఆగస్టు నెలలో, అచ్చటి హెండర్సన్ పట్టణ సమీపమున, ఒక పాఠశాల విద్యార్థులు ప్రకృతి పరిశీలనకై ఒక మడుగునకు పోయిరి. గట్టున గంతులు వేయుచున్న కప్పలను పట్టి చూడగా వారికొక వింత కానవచ్చెను. ఒక కప్పకు వెనుక కాలు లేదు. మరియొక దానికి కాళ్ళు ఎక్కువ. పట్టిన వానిలో ఇంచుమించు సగము ఇట్టివే. పిల్లలు ఈ సంగతిని పెద్దలకు తెలిపిరి. అనతికాలములోనే ఆ వార్త దేశమంతట వ్యాపించెను.

కప్ప చర్మము మిక్కిలి పలుచనిది. అది నీటిని నోటితో త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. నీటిలో విషము కలిసినచో అదియు లోనికి పోవును. కావున "ఈ నీరు మనుష్యులకు మాత్రము మంచిదా?" అను శంక జనులను కలవరపెట్టెను. కొందరు పురుగుమందులను నిందించిరి. కొందరు సూర్యుని అతినీలలోహిత కిరణములను నిందించిరి. స్టాన్లీ సెషన్స్ అను శాస్త్రజ్ఞుడు మాత్రము, కప్పల దేహములో దూరు పరాన్నజీవులు కారణము కావచ్చునని 1990లోనే సూచించియుండెను.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, ఇంకను పట్టము పొందని పీటర్ జాన్సన్ అను విద్యార్థి ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. అతడును సహచరులును శాంటా క్లారా మండలమున 35 మడుగులను గాలించిరి. నాలుగింట మాత్రమే అవిటి కప్పలుండెను. పొట్టేలు కొమ్మువలె చుట్టలు తిరిగిన ఒక జాతి నత్తలును ఆ నాలుగింటనే యుండెను. నత్తల జాడ తీయుట ఎవరికిని ఘనకార్యముగా తోచదు. కాని రహస్యమంతయు వానిలోనే దాగియుండెను.

ఆ నత్తల దేహములలో రైబీరోయియా అను సూక్ష్మమైన పురుగు పెరుగును. దాని పిల్లలు నత్తను వీడి నీటిలో ఈదుచు, కప్పపిల్లలగు తోకకప్పలను వెదకికొని, వెనుక కాళ్ళు మొలచుచోట చర్మమును తొలుచుకొని లోన దూరి, తిత్తులు కట్టుకొని కూర్చుండును. అందుచే కాలి పెరుగుదల చెడి, ఒకచో కాలు మొలవదు. ఒకచో రెండు మూడు మొలచును. అవిటి కప్ప చురుకుగా దుముకలేదు. కొంగకు సులభముగా చిక్కును. కొంగ కడుపులో పురుగు పెద్దదై గ్రుడ్లు పెట్టును. అవి రెట్టతో మరల మడుగులో పడి నత్తలను చేరును. కప్ప కుంటిదగుట పురుగునకు లాభమే!

ఊహ చాలదు, నిరూపింపవలెను. జాన్సన్ బృందము తోకకప్పలను వేర్వేరుగా పెంచి, కొన్నింటి నీటిలో 16, కొన్నింట 32, కొన్నింట 48 పురుగుపిల్లలను విడిచిరి. పోల్చి చూచుటకై కొన్నింటిని వాని జోలికి పోనీయలేదు. పురుగుల సంఖ్య హెచ్చినకొలది చావులును అంగవైకల్యమును హెచ్చెను. మడుగులలో కానవచ్చిన వికృతులే తొట్లలోను కానవచ్చెను. ఈ ఫలితములు 1999లో సైన్స్ పత్రికయందు వెలువడెను.

అయినను కాలులేని ప్రతి కప్పకును ఈ పురుగే కారణమనరాదు. తూనీగ పిల్లలు నీటిలో తోకకప్పల కాళ్ళను కొరికివేయుటయు కలదు.

మరి పురుగుమందులు నిర్దోషులా? జోసెఫ్ కీసెకర్ 2002లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పెను. అతడు పెన్సిల్వేనియా మడుగులలో తోకకప్పలను వలగూళ్ళలో ఉంచెను. పురుగుపిల్లలు దూరరాని సన్నని వలలో నున్నవాని కాళ్ళు, పొలముల మురుగు చేరు మడుగులో సైతము, చెడలేదు. పురుగు దూరగల గూళ్ళలో వైకల్యము కలిగెను. పురుగుమందులు చేరిన మడుగులలో అది మరింత అధికమయ్యెను. ఆ మందులు తోకకప్పల రోగనిరోధక శక్తిని తగ్గించుచున్నవని ప్రయోగశాలలో తేలెను.

ఎరువుల పాత్రను జాన్సన్ బృందమే 2007లో వెల్లడించెను. నత్రజని, భాస్వరము చేర్చిన కృత్రిమ మడుగులలో నాచు దట్టముగా పెరిగెను. నాచు తిని నత్తలు వృద్ధిచెందెను. ఒక్కొక్క నత్తనుండి వెలువడు పురుగుపిల్లలును పెరిగెను. కప్పల దేహములలో తిత్తుల సంఖ్య అంతకంతకు హెచ్చెను. పొలమున చల్లిన ఎరువు కప్పను తాకనైన తాకక, నాచు మీదుగా, నత్త మీదుగా నడచి వచ్చి దాని కాలిని చెరచుచున్నది.