పది రోజులైనా గుణం లేదు... మందులు ఆపేయాలా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. డాక్టర్ డిప్రెషన్ అని మందులిచ్చారు. పది రోజులైనా మార్పు లేదు. బంధువులు మానేయమంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానేయొద్దమ్మా. ఇవి జ్వరం బిళ్లల్లా పూటలో పనిచేసేవి కావు. గుణం తెలియడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి 6 వారాలు పడుతుంది. మొదట్లో కాస్త వికారం ఉన్నా చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. కోలుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడాలి; ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారా? ఆ లోపాలున్నా మనిషి ఇలాగే దిగాలుపడొచ్చు.

ఇక, ‘నీకేం తక్కువ?’ అనే బంధువులను కొన్నాళ్లు దూరంగానే ఉంచండి. ఆ మాటతో ఆవిడకు తప్పు చేశానన్న బాధ పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. సాయంత్రం వీధి చివరిదాకా కలిసి నడవండి. మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

చచ్చిపోవాలనుందంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు అందకుండా దాచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.