మామగారి పెళ్లి సూటు

చెల్లీ, ట్రంకుపెట్టె అడుగున మామగారి పెళ్లి సూటు బయటపడిందనీ, మాఘంలో మనవడి రిసెప్షన్‌కి దాన్ని బాగుచేయించి వేయించాలని అత్తయ్యగారు ముచ్చటపడుతున్నారనీ రాశావు. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వమంటావా అక్కా అని అడిగావు. ఇప్పుడే ఇవ్వకు. చివికిన బట్ట మిషన్లో పడి తిరిగితే చిన్న చిల్లు కాస్తా పెద్ద చిరుగవుతుంది. ముందు పగటి వెలుతురులో, మంచం మీద దుప్పటి పరిచి దాన్ని తీరిగ్గా చూడు.

అందరి కళ్లూ మొదట లైనింగ్ మీదే పడతాయి. చంకల దగ్గర చిరిగి వేలాడుతుంటే ఇక పనికిరాదని మడిచి లోపల పెట్టేస్తాం. లైనింగ్ గురించి బెంగపడకు, కొత్తది వేయించుకోవచ్చు. గుండీలు, జిప్పు, జేబు సంచులు కూడా అంతే. మార్చలేనిది పైబట్ట ఒక్కటే. అది బాగుంటే సూటు బాగున్నట్టే.

ప్యాంటు కూర్చునే భాగం, తొడల మధ్య, కోటు మోచేతులు, చేతుల అంచులు, కాలరు మడత: అరిగేవి ఇవే. ఒక్కొక్క చోటా వెలుతురుకి ఎత్తి పట్టు. జల్లెడలా కనబడితే పోగులు అరిగాయన్నమాట. తర్వాత రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగు. నిలిచిందా, సంతోషం. పిగిలిందా, అక్కడ ఎంత కుట్టినా కుట్టు పక్కనే మళ్లీ పిగులుతుంది. బట్ట నున్నగా మెరవడం వేరు. ఆవిరి ఇస్త్రీతో ఆ మెరుపు కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఉన్నా, టెరీన్ కలిపిన టెరీవూలా అని కూడా తెలుసుకో. 1970ల పెళ్లి సూటు కాబట్టి రెండోదే కావచ్చు. లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల చూపించు. ఉన్నయితే కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపితే నుసి అవుతుంది. టెరీన్ కలిస్తే కరిగి గట్టిపడుతుంది. కలిస్తే తప్పేం లేదమ్మా, మన్నిక ఎక్కువే. ఇస్త్రీ వేడి మాత్రం తగ్గించమని చెప్పాలి.

ఇక ఛాతీ భాగం. పైబట్టనీ లోపలి బట్టనీ వేళ్లతో పట్టి విడదీసి చూడు. మధ్యలో మూడో పొర విడిగా కదిలితే అది కుట్టిన కాన్వాస్. అలాంటి కోటుని విప్పి మళ్లీ నిలబెట్టొచ్చు. కదలకుండా బిర్రుగా ఉంటే జిగురుతో అతికించినది. జిగురు వదిలి పైబట్ట మీద బుడగలు లేస్తే ఏ ఇస్త్రీకీ అణగవు. అలాంటి కోటు మీద నేనైతే రూపాయి కూడా పెట్టను.

చిమ్మట కొట్టిన చిల్లులు రెండు మూడుంటే భయపడకు. చెమట, తిండి మరకలున్న చోటే దాని పిల్లపురుగులు ముందు తింటాయి, కాబట్టి అక్కడ వెతుకు. చిల్లులు కనబడితే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెట్టు. గుడ్లూ పురుగులూ చస్తాయి. తర్వాత రఫూ చేయించు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ ఈ పనికి తరతరాలుగా పేరున్న ఊరు. మన హైదరాబాద్ పాతబస్తీలోనూ రఫూ చేసేవాళ్లున్నారు. ప్యాంటు లోపలి మడతలోంచి అదే రంగు పోగులు తీసి, చిల్లు మీద నిలువు పోగు, అడ్డపోగు మళ్లీ నేస్తారు. చిల్లు ఎక్కడుండేదో వేలితో తడిమినా దొరకనంత నేర్పు ఉంటుంది కొందరిలో. అంత పనికి బేరమాడకు తల్లీ.

ఇవన్నీ కుదిరాక పిల్లాడికి వేసి చూడు. ముందు భుజాలు చూడు. నడుము వదులు చేయడానికి ప్యాంటు వెనక కుట్టులో బట్ట వదిలి ఉంటారు. భుజాలు మార్చాలంటే చేతులు, కాలరు అన్నీ విప్పాలి, అందాకా పోతే కొత్తది కుట్టించడమే నయం. దర్జీ ఆ వెడల్పు ల్యాపెల్‌ని చూసి ఇప్పటి ఫ్యాషన్‌కి తగ్గిస్తానంటాడు. ఒప్పుకోకు. మామగారి పెళ్లినాటి ఫొటోలో ఉన్నది ఆ ల్యాపెలే కదా, అత్తయ్యగారు మనవడి ఒంటి మీద చూడాలనుకుంటున్నదీ అదే.

భుజాలు పట్టకపోతే, వేసుకునేవాడే లేకపోతే, వేలకు వేలు పోసి మళ్లీ పెట్టెలో పెట్టడంలో అర్థం లేదు. బ్రష్‌తో దుమ్ము దులిపి, నీడలో ఆరేసి, పాత నూలుచీరలో చుట్టి దాచు. బట్ట అక్కడక్కడా పోయినా వీపు భాగం సాధారణంగా గట్టిగానే మిగులుతుంది. అత్తయ్యగారు మనసారా సరేనంటేనే దానితో పిల్లాడికి వెయిస్ట్‌కోటు కుట్టించు. ఆవిడ తటపటాయిస్తే కత్తెర ముట్టనివ్వకు.

సూటు నిలుస్తుందని తేలితే మాత్రం ఈ నెలలోనే దర్జీకి ఇచ్చెయ్. రఫూ, లైనింగ్, రెండు ట్రయల్స్‌కి నెలన్నరైనా పడుతుంది. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆ దర్జీ నీ ఫోను కూడా ఎత్తడు.