చలికాలంలో కారుకు ఆకలెక్కువ

టార్చిలైటు వెలుగు మందగిస్తే మన పల్లెల్లో పెద్దవాళ్ళు సెల్లులు తీసి కాసేపు ఎండలో పెడతారు. మళ్ళీ వేస్తే లైటు కొంచెం కాంతిగా వెలుగుతుంది. ఎండ ఆ సెల్లులలో కొత్త విద్యుత్తును నింపలేదు. మరి ఏం జరిగింది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, లక్షలు పోసి కొనే విద్యుత్ కారును గురించిన పెద్ద ప్రశ్నకు కూడా దారి దొరుకుతుంది.

ఆ పెద్ద ప్రశ్న ఇది. మన అనంతపురం జిల్లా నుంచి చదువుకుని అమెరికా, కెనడా దేశాల్లో స్థిరపడినవాళ్ళున్నారు. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోయే ఊళ్ళున్నాయి. అలాంటి చోట పిల్లలున్న కుటుంబం ఏ కారు కొనాలి? పూర్తిగా బ్యాటరీతో నడిచే కారా? లేక బ్యాటరీ, పెట్రోలు ఇంజను రెండూ ఉండి, ప్లగ్గుకు తగిలించి ఛార్జి చేసుకునే హైబ్రిడ్ కారా?

2024 జనవరిలో చికాగో నగరంలో గడ్డకట్టే చలి వచ్చింది. ఛార్జింగు కేంద్రాల దగ్గర విద్యుత్ కార్లు బారులు తీరి గంటల తరబడి నిలిచిపోయాయి. కొన్నింటిని వేరే బండ్లతో లాక్కుపోవలసి వచ్చింది. మంచులో, చంటిబిడ్డతో, దారి మధ్యలో ఆగిపోవడం ప్రాణాపాయమే. కాని నార్వే కూడా చలిదేశమే. అక్కడ 2024లో అమ్ముడైన ప్రతి 10 కొత్త కార్లలో దాదాపు 9 విద్యుత్ కార్లే! కాబట్టి చలి ఒక్కటే కారణమని సరిపెట్టుకోరాదు. లెక్క వేసి చూడాలి.

ఘటం లోపల ఏం జరుగుతుంది?

బ్యాటరీ అంటే నీళ్ళ తొట్టిలాగా విద్యుత్తును నిలవచేసే పాత్ర కాదు. దానిలో నిలవ ఉండేది రసాయనశక్తి. నేటి విద్యుత్ కార్లలో ఎక్కువగా లిథియం అయాన్ ఘటాలను వాడుతున్నారు. ఘటం పనిచేస్తున్నప్పుడు లిథియం అయానులు ఒక ధ్రువం నుంచి రెండవ ధ్రువానికి విద్యుద్విశ్లేష్యం గుండా ప్రయాణం చేస్తాయి. చలికాలంలో కొబ్బరినూనె చిక్కబడటం మీరు చూసే ఉంటారు. విద్యుద్విశ్లేష్యం కూడా చలికి చిక్కబడుతుంది. అయానుల నడక మందగిస్తుంది. ఘటం అంతర్నిరోధం పెరుగుతుంది. లోపల శక్తి ఉన్నా, కావలసినంత వేగంగా బయటికి రాదు. ఎండలో పెట్టిన టార్చి సెల్లులో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఛార్జి చేసేటప్పుడు కష్టం మరీ ఎక్కువ. బాగా చల్లబడిన ఘటంలోకి వేగంగా విద్యుత్తును పంపితే, లిథియం ధ్రువం లోపలికి చేరకుండా దాని పైనే లోహపు పొరగా పేరుకుంటుంది. అందువల్ల ఘటం పాడవుతుంది. అలా కాకుండా కారులోని నియంత్రణ పరికరం ప్రవాహాన్ని తగ్గిస్తుంది. ఒక్కొక్క కారుకూ ఎక్కువ సమయం పడితే వెనుక వరుస పెరగక ఏమవుతుంది?

అసలు ఖర్చు ఎక్కడ?

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో అయిదు రకాల విద్యుత్ కార్లను పరీక్షించి చూసింది. సున్నాకు సుమారు 7 డిగ్రీలు దిగువన, హీటరు వేయకుండా నడిపితే, ఒక ఛార్జితో పోగలిగే దూరం సగటున 12 శాతం తగ్గింది. హీటరు వేసి నడిపితే 41 శాతం తగ్గింది. అంటే 400 కిలోమీటర్లు పోయే కారు మొదటి సందర్భంలో 352, రెండవ సందర్భంలో 236 కిలోమీటర్లు మాత్రమే పోతుంది. చూశారా! బ్యాటరీకి వేసే చలి కన్నా, లోపల కూర్చున్న మనకు వేసే చలికే ఎక్కువ ఖర్చవుతున్నది.

పెట్రోలు కారు కూడా చలిలో కొంచెం ఎక్కువ ఇంధనం తాగుతుంది. కాని దానికి హీటరు బాధ లేదు. పెట్రోలు ఇచ్చే శక్తిలో సగం కన్నా ఎక్కువ భాగం ఉష్ణంగా వృథా అవుతుంది. ఆ వృథా వేడినే కొంత లోపలికి మళ్ళిస్తే చాలు, మనుషులు వెచ్చగా ఉంటారు. విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో నూటికి 90 పాళ్ళ వరకు చలనంగా మారుస్తుంది. వృథా తక్కువ కనుక, మళ్ళించడానికి వేడి కూడా తక్కువే. దాని సుగుణమే చలికాలంలో దానికి చిక్కు తెచ్చిపెట్టింది.

గంటల లెక్క, కిలోమీటర్ల లెక్క

ఒక యూనిట్ విద్యుత్తుతో కారు 6 కిలోమీటర్లు పోతుందనీ, హీటరు గంటకు 3 యూనిట్లు వాడుతుందనీ అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే, గంటలో మోటారుకు 10 యూనిట్లు, హీటరుకు 3. రద్దీలో గంటకు 20 కిలోమీటర్లే కదిలితే మోటారుకు సుమారు 3 యూనిట్లు, హీటరుకూ 3. ఖర్చు ఇంచుమించు రెట్టింపు! మోటారు కిలోమీటర్ల లెక్కన తింటుంది, హీటరు గంటల లెక్కన తింటుంది.

మంచు తుఫానులో చిక్కుకున్నా ఇదే లెక్క. బ్యాటరీలో 30 యూనిట్లు మిగిలి ఉంటే, కారు నిలిచిపోయినా 10 గంటలు వెచ్చగా ఉండవచ్చు. 6 యూనిట్లే ఉంటే 2 గంటలు. అందుకే చలిదేశంలో బ్యాటరీని అడుగంటా వాడుకోరాదు.

ఈ ఖర్చును తగ్గించే ఉపాయాలున్నాయి. ఫ్రిజ్ వెనుక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. లోపలి ఉష్ణాన్ని అది బయటికి తోడుతున్నది. ఈ పనినే తిప్పి చేసి, బయటి గాలిలోని ఉష్ణాన్ని కారులోకి తోడే పరికరమే హీట్ పంపు. ఒక యూనిట్ విద్యుత్తుతో అది రెండు మూడు యూనిట్ల ఉష్ణాన్ని అందించగలదు. చలి బాగా ముదిరితే దాని లాభం తగ్గుతుంది. బయలుదేరక ముందే, ప్లగ్గుకు తగిలించి ఉండగానే, ఇంటి విద్యుత్తుతో కారును వెచ్చచేసుకోవడం మరొక ఉపాయం.

ఏది ఎంచుకోవాలి?

ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రోజూ ఎంత దూరం తిరుగుతారు? రాత్రి కారు నిలిపే చోట ప్లగ్గు ఉన్నదా? చలికాలంలో దూరప్రయాణాలు ఎన్ని, దారిలో ఛార్జింగు కేంద్రాలు ఉన్నాయా?

రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకోండి. పై కారు చలిలో 236 కిలోమీటర్లు పోతుంది. నాలుగో వంతు ఆపదకు దాచుకున్నా 177 మిగులుతుంది. ఇంట్లో ప్లగ్గు ఉంటే ఆ కుటుంబానికి విద్యుత్ కారు ధారాళంగా సరిపోతుంది. జనసంచారం లేని దారుల్లో తరచుగా 300 కిలోమీటర్లు పోవలసినవాళ్ళకు హైబ్రిడ్ కారు ధైర్యాన్నిస్తుంది. అయితే దాని బ్యాటరీ చిన్నది. చలిలో వేడి కోసం, బ్యాటరీ నిండా ఉన్నా ఇంజను నడిచే కార్లున్నాయి. రోజూ ప్లగ్గుకు పెట్టకపోతే, బరువైన బ్యాటరీని ఊరికే మోసుకు తిరిగినట్లే.

మన ఎండ మాట ఏమిటి?

విడపనకల్లులో మంచు పడదు. ఇక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండే సమస్య. పై పరీక్షలోనే, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి నడిపితే దూరం 17 శాతం తగ్గింది. 400 కిలోమీటర్లు కాస్తా 332 అయింది. చలి చేసిన నష్టం కన్నా ఇది తక్కువే. ఎందుకంటే చలిదేశంలో హీటరు ఉష్ణోగ్రతను 25 డిగ్రీల దాకా పెంచాలి. ఇక్కడ ఏసీ 15 డిగ్రీలు తగ్గిస్తే చాలు. కాని చలికి తగ్గిన శక్తి, వెచ్చబడితే తిరిగి వస్తుంది. ఎడతెగని వేడికి ఘటంలో అక్కరలేని రసాయన చర్యలు వేగం పుంజుకుని దాని ఆయుష్షే తగ్గుతుంది. అది తిరిగి రాదు. కనుక మనవాళ్ళు చూడవలసింది బ్యాటరీని చల్లబరిచే మంచి ఏర్పాటు. పూర్తిగా ఛార్జి చేసిన కారును రోజుల తరబడి ఎండలో వదలకుండా, చింతచెట్టు నీడనైనా నిలపాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019 నుంచి పనిచేస్తున్నది. భారతదేశంలో తయారుచేసిన తన తొలి విద్యుత్ కారును ఆ సంస్థ 2025లో విడుదల చేసింది. ఇలాంటి కార్లను రేపు తయారుచేసేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు మీలో కొందరు కావచ్చు.

చేసి చూడండి

ఒకే రకం టార్చి సెల్లులు నాలుగు తీసుకోండి. రెండింటిని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, ఉప్పు కలిపిన మంచుముక్కల్లో గంటసేపు ఉంచండి. మిగిలిన రెండింటిని గదిలో ఉంచండి. తంతువు ఉన్న బల్బు గల టార్చిలో ఒకదాని తరువాత ఒకటిగా ఈ జతలను వేసి వెలుగును పోల్చండి. చల్లని సెల్లులు వెచ్చబడిన తరువాత మళ్ళీ చూడండి. ఫోను బ్యాటరీలతో ఈ ప్రయోగం చేయవద్దు. ఏ సెల్లునూ పగలగొట్టవద్దు, నిప్పు దగ్గర పెట్టవద్దు.

ఆలోచించండి

1. 300 కిలోమీటర్లు పోయే విద్యుత్ కారు, హీటరు వేసి నడిపితే సున్నాకు 7 డిగ్రీల దిగువన ఎంత దూరం పోతుంది?

2. హీటరు వాడకాన్ని గంటకు 3 యూనిట్ల నుంచి ఒకటిన్నరకు తగ్గిస్తే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 2 గంటలు నడిచిన కారుకు ఎన్ని కిలోమీటర్ల దూరం కలిసివస్తుంది?

3. మీ ఊరి నుంచి జిల్లా కేంద్రానికి ఎంత దూరమో తెలుసుకోండి. మే నెలలో ఏసీ వేసుకుని వెళ్ళి రావడానికి 200 కిలోమీటర్లు పోయే కారు చాలుతుందా?