మేనల్లుడికి ఉత్తరం: స్కీమాలు సరిచూసే టూల్ ఎంపిక



డేటాబేస్‌లో ఉండే సమాచారం వేరు, దాన్ని పట్టి ఉంచే కట్టుబడి వేరు. ఏ టేబుల్‌లో ఏ కాలమ్‌లు ఉన్నాయి, ఒక్కో కాలమ్‌లో ఎన్ని అక్షరాలు పడతాయి, ఏది ఖాళీగా ఉండకూడదు, ఏ టేబుల్ దేనితో ముడిపడింది అన్న ఈ కట్టుబడినే స్కీమా అంటారు. డెవలప్‌మెంట్‌లో ఒకటి, టెస్టింగ్‌లో ఒకటి, లైవ్‌లో ఒకటి ఉంటాయి. మొదట్లో మూడూ ఒక్కలాగే ఉంటాయి. అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎవరో లైవ్‌లో ఒక ఇండెక్స్ వేస్తారు, ఇంకొకరు కాలమ్ వెడల్పు పెంచుతారు. ఆ సంగతి మిగతా రెండింటికీ చేరదు. ఆర్నెల్లు తిరిగేసరికి దేని దారి దానిదే.

తేడా చిన్నదైనా దెబ్బ పెద్దది. విశాఖ కంటెయినర్ టెర్మినల్‌లో దిగే పెట్టెల నంబర్లే తీసుకుంటే, ఐఎస్ఓ 6346 ప్రకారం నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్, మొత్తం 11. టెస్టింగ్‌లో కాలమ్ వెడల్పు 11 ఉండి లైవ్‌లో 10 ఉంటే, ఎంట్రీ అసలు పడదు, లేదా చివరి అంకె తెగిపోతుంది. తప్పు నంబర్‌ను పట్టిచ్చేది ఆ చివరి అంకే.

ఇలాంటి తేడాలు వెతికిపెట్టే టూల్ మంచిదే. ఒక్క క్లిక్కుతో లైవ్‌ను దానంతటదే సరిచేసే టూల్ కొంటున్నామని నీ మొన్నటి ఉత్తరంలో చదివాకే మామయ్యకు బెంగ పట్టుకుంది. పోల్చడం ఒక పని, మార్చడం ఇంకో పని. మొదటిది యంత్రానికి వదిలేయవచ్చు. రెండోదాని మీద మనిషి కన్ను పడాలి.

ఎంపికలో మొదట చూడవలసింది ఏ డేటాబేస్ వాడుతున్నారన్నది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు రెడ్‌గేట్ వారి ఎస్‌క్యూఎల్ కంపేర్ పేరున్నది, డబ్బు పెట్టి కొనాలి. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియోలోనూ స్కీమా కంపేర్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు పీజీఅడ్మిన్ 4లో స్కీమా డిఫ్ ఉచితం. మైఎస్‌క్యూఎల్‌కు వర్క్‌బెంచ్ ఉంది. ఒరాకిల్‌కు ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో డేటాబేస్ డిఫ్ ఉంది, కానీ దాని లైసెన్సు షరతులు ముందే చదవాలి. రకరకాల డేటాబేస్‌లు ఉన్నచోట లిక్విబేస్ పనికొస్తుంది. చిన్న కంపెనీ ఉచితమైనవాటితో మొదలుపెడితే చాలు.

రెండోది, అక్కర్లేని తేడాలను పక్కన పెట్టగలగడం. కన్‌స్ట్రయింట్‌కు పేరు పెట్టకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ తనే ఒక పేరు పెడుతుంది, అది ఒక్కో సర్వర్‌లో ఒక్కోలా ఉంటుంది. కాలమ్‌ల వరస, కామెంట్లు, ఖాళీ జాగాలు కూడా అంతే. వీటన్నిటినీ తేడాలుగా చూపిస్తే జాబితా చాంతాడంత అవుతుంది. చాంతాడంత జాబితాను ఎవరూ చదవరు, అసలు తేడా అందులోనే కలిసిపోతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కాలమ్ పేరు మారినప్పుడు టూల్ ఏం చేస్తుంది? రెండు స్కీమాలను పక్కపక్కన పెట్టి చూసే యంత్రానికి పేరు మారిన సంగతి తెలియదు. పాత పేరు లేదు, కొత్త పేరు ఉంది, దానికి కనిపించేది అంతే. అందుకని పాత కాలమ్‌ను డ్రాప్ చేసి కొత్తది యాడ్ చేయమని స్క్రిప్టు రాస్తుంది. కట్టుబడి సరిగ్గా కుదురుతుంది, లోపలి డేటా మొత్తం పోతుంది. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు.

ఇది ఈనాటి జబ్బు కాదు. పి.వి. నరసింహారావు విశాఖ స్టీల్ ప్లాంటును జాతికి అంకితం చేసిన 1992 ప్రాంతంలో మామయ్య ఒక ఉక్కు రవాణా ఆఫీసు కంప్యూటర్ గదిలో పని నేర్చుకుంటున్నాడు. డీబేస్ త్రీ ప్లస్ అనే డేటాబేస్ రోజులవి. దాని మాడిఫై స్ట్రక్చర్ ఆదేశంలో ఫీల్డు (అంటే కాలమ్) పేరొక్కటే మారిస్తే డేటా నిలిచేది. పేరూ వెడల్పూ ఒకేసారి మారిస్తే ఆ ఫీల్డు ఖాళీ అయ్యేది. ఒక సాయంత్రం హీట్ నంబర్ ఫీల్డుకు ఎవరో ఆ రెండూ కలిపి చేశారు. ఉక్కు కడ్డీ ఏ హీట్‌లో, అంటే ఏ విడత కరిగించిన ఉక్కుతో, తయారైందో తెలియకపోతే దాని టెస్ట్ సర్టిఫికెట్ ఏదో తేల్చలేరు. లారీ చలాన్ల కట్టలు విప్పి నంబర్లన్నీ మళ్ళీ కొట్టవలసి వచ్చింది. ఆ తర్వాత సెక్షన్ పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. పాత స్ట్రక్చర్, కొత్త స్ట్రక్చర్ రెండూ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తీయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు. ఆయన కన్ను దాటి ఒక్క ఫీల్డూ మారేది కాదు. టీ మాత్రం చల్లారిపోయేది.

ఇప్పుడు దీనికి మంచి మార్గాలు ఉన్నాయి. విజువల్ స్టూడియో డేటాబేస్ ప్రాజెక్టులో రీనేమ్ ఆదేశం ద్వారా పేరు మారిస్తే, ఆ మార్పు రీఫ్యాక్టర్ లాగ్‌లో నమోదవుతుంది, డేటా నిలుస్తుంది. ఆ ప్రాజెక్టును సర్వర్‌కు ఎక్కించే ఎస్‌క్యూఎల్ ప్యాకేజ్‌లో డేటా పోయే ప్రమాదముంటే పని ఆపే సెట్టింగు ముందే ఆన్‌లో ఉంటుంది. తొందరపడి దాన్ని ఆఫ్ చేయకూడదు, ఎవరు చెప్పినా సరే. ఫ్లైవే, లిక్విబేస్ పద్ధతిలోనైతే ప్రతి మార్పునూ మనిషే వరసక్రమంలో రాసి, కోడ్‌తోపాటు భద్రపరుస్తాడు. పేరు మార్పును అక్కడ పేరు మార్పుగానే రాస్తారు. రోజువారీ మార్పులకు ఈ పద్ధతి, చాటుగా జరిగిన మార్పులను పట్టుకోవడానికి పోల్చే టూల్, ఇలా రెండూ కలిపి వాడుకోవాలి.

నాలుగోది, మధ్యలో ఆగితే ఏమవుతుందన్నది. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్కీమా మార్పులను చాలావరకు ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసి, చెడితే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఒరాకిల్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్ అక్కడికక్కడే ఖాయమైపోతుంది. పది మార్పుల్లో ఏడో దగ్గర ఆగితే ఆరు జరిగిపోయినట్టే. అక్కడ బ్యాకప్ ఒక్కటే దిక్కు. ఆ బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో ఒకసారి తిరిగి ఎక్కించి చూసి ఉండాలి.

కొనేముందు పరీక్ష సులువే. లైవ్ కాపీ ఒకటి తీసి, డేటా ఉన్న ఒక కాలమ్ పేరు, ఇంకో కాలమ్ వెడల్పు మార్చి, టూల్ రాసిన స్క్రిప్టును చదవాలి. డ్రాప్ అన్న మాటను ఎర్రగా చూపించి అడిగే టూల్ పనికొస్తుంది. స్క్రిప్టు చూపకుండా నేరుగా మార్చేది ఎంత ఖరీదైనా వద్దు.

రాత్రి పన్నెండింటికి రుషికొండ నుంచి బీచ్ రోడ్డు మీద ఒంటరిగా బండి మీద వస్తున్నావని మీ అమ్మ చెప్పింది బాబూ. నిద్ర కళ్ళతో స్క్రిప్టు చదివితే చదివినట్టు కాదు. లైవ్ మార్పులు పొద్దున, తిన్నాక, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చేయాలి. టూల్ ఏదైనా ఫరవాలేదు, డ్రాప్ అన్న మాట కనిపించిన ప్రతి స్క్రిప్టునూ ఇద్దరు చదివాకే నడపండి.

ఆశీస్సులతో,
మామయ్య