చంద్రగ్రహణం: భయపడవలసింది దేనికి?

 

2025 సెప్టెంబర్ 7, ఆదివారం రాత్రి మన దేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణం ఏర్పడింది. మన కడప జిల్లా పెండ్లిమర్రి ప్రాంతంలో ఆ వేళ చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు. రాత్రి 9.57కి చంద్రుని అంచున నీడ మొదలై, 11.01కి బింబమంతా కమ్ముకుంది. 82 నిమిషాలపాటు రాగి రంగులో ఉండి, 12.23 నుండి తిరిగి వెలుగు పుంజుకొని, 1.26కి నీడ పూర్తిగా విడిచింది. మబ్బు అడ్డురాని చోట మిద్దెపై నిలబడి మామూలు కళ్లతోనే చూడవచ్చు. చంద్రగ్రహణం చూస్తే కళ్లకు హాని లేదు.

సూర్యునికీ చంద్రునికీ నడుమ భూమి వచ్చినపుడు భూమి నీడ చంద్రునిపై పడుతుంది. భూమి చుట్టూ ఉన్న గాలి పొరలో వంగి వచ్చే ఎర్రని వెలుతురే చంద్రునికి ఆ రంగునిస్తుంది. పున్నమినాడు తప్ప ఇది జరగదు. ఆ రాత్రి మనకు రబీఉల్ అవ్వల్ 15వ రాత్రి. సూర్యగ్రహణం మాత్రం చాంద్రమాసం చివరలోనే వస్తుంది.

ఇక్కడ కొందరు యువకులు అడుగుతారు: "నిమిషాలతో సహా ముందే లెక్క కట్టగలిగినపుడు నమాజు, దుఆ ఎందుకు?"

దీనికి సమాధానం దైవప్రవక్త (స) జీవితంలోనే ఉంది. క్రీ.శ. 632 జనవరి 27న మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. అదే రోజు ప్రవక్త (స) ముద్దుల కుమారుడు, రెండేళ్లయినా నిండని ఇబ్రాహీం (రజి) కన్నుమూశారు. ఆ పసివాని మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న ఆ మహనీయులు (స) మౌనంగా ఊరుకున్నా ఆ మాట ఆయన గొప్పతనంగానే ప్రచారమయ్యేది. కాని ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండు సూచనలనీ, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదనీ, గ్రహణం చూసినపుడు అది విడిచేవరకు నమాజులో, దుఆలో నిమగ్నం కావాలనీ బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

గమనించండి! ఒకే బోధనలో ఆయన (స) మూఢనమ్మకాన్ని తుడిచివేశారు, ఆరాధననూ ఆదేశించారు. కారణం తెలిసినంత మాత్రాన కర్త అవసరం తీరిపోదు. ఇంత పెద్ద గోళాలను నిమిషం తప్పకుండా నడిపే శక్తి, ఒకనాడు వాటి వెలుగును శాశ్వతంగా తీసివేయగలదు. మన భయం ఆ ప్రభువు పట్ల ఉండాలి, నీడ పట్ల కాదు.

ఇక మన ఇళ్ల సంగతి చూద్దాం. గ్రహణం వేళ గర్భిణిని గదిలో పెట్టి తలుపు వేయడం, అన్నం, నీళ్లు ఇవ్వకపోవడం, కత్తి పట్టనివ్వకపోవడం, కదలక పడుకోమనడం కొన్ని ముస్లిం ఇళ్లలోనూ ఉంది. బిడ్డకు గ్రహణంమొర్రి వస్తుందని పెద్దల భయం. వారి ప్రేమను శంకించలేము. కాని షరీఅత్‌లో దీనికి ఆధారం లేదు, వైద్యంలోనూ లేదు. బిడ్డ పెదవి గర్భం తొలి రెండు నెలల్లోనే రూపుదిద్దుకుంటుంది. నిండు నెలల కోడలిని గంటల తరబడి దాహంతో ఉంచడం జాగ్రత్త కాదు, హాని. అత్తమ్మలారా! ఆమెకు వేళకు అన్నం, నీళ్లు, మందులు ఇవ్వండి. ఓపిక ఉంటే ఆమె కూర్చునే నఫిల్ నమాజు చేసుకోవచ్చు.

చంద్రగ్రహణం నమాజు విధానం

1. అజాన్, ఇఖామత్ లేవు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం ఎవరి ఇంట్లో వారు విడిగా, మామూలు నఫిల్ లాగా రెండు రకాతులు చేయాలి. ఇంకా చేయదలిస్తే రెండేసి చొప్పున చేయవచ్చు.

2. షాఫయీ విధానంలో జమాఅత్‌తో, ప్రతి రకాతులో రెండు రుకూలతో చేస్తారు. దీనిపై వాదులాట తగదు.

3. ఖిరాఅత్, రుకూ, సజ్దాలు సుదీర్ఘంగా చేయడం ఉత్తమం.

4. నమాజు ముగిసినా గ్రహణం విడిచేవరకు జిక్ర్, ఇస్తిగ్‌ఫార్, దుఆలలో గడపాలి. సదఖా ఇవ్వాలి.

5. గ్రహణం విడిచిపోతే ఈ నమాజుకు ఖజా లేదు.

మన ప్రాంతంలో మొదటి నుండి చివరి దాకా కనిపించే తదుపరి సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి. లోకం కొత్త సంవత్సరం సందడిలో మునిగి ఉండే రాత్రి అది. ఆనాటికి బ్రతికి ఉంటే మనం ముసల్లాపై ఉందాం. మన ఇంట్లో ఏ గర్భిణీ ఆకలితో ఉండకుండా చూద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.